కోడెమెట్ట టవరు ముఖం ఎటు

మా టెలిఫోన్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆ మధ్య ఎస్. కోటలో మా ఇంటికొచ్చారు. అందరూ ఇంజనీరింగ్ చదివినవాళ్ళే. అరకు వైపు ఏజెన్సీలో పోస్టింగులు ఇచ్చారట. టీ తాగుతూ, "టవరు పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలి సార్?" అని అడిగారు. "నడక" అన్నాను. ఫక్కున నవ్వారు. నేను నవ్వులాటకి అనలేదని వాళ్ళకి వచ్చే వానాకాలంలో తెలుస్తుంది లెండి.

వాళ్ళు వెళ్ళాక అనిపించింది, ఆ ఒక్క మాటతో సరిపెట్టి పంపేయడం బాగోలేదని. మెషీన్ల గురించి నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. నేను చూసిన రోజుల్లో ఉన్న పరికరాల్లో సగం ఇప్పుడు పాత ఇనప సామాను కొట్టుకు వెళ్ళిపోయాయి. కానీ కొండలు అక్కడే ఉన్నాయి. కొండల మీద మనుషులూ అక్కడే ఉన్నారు. వాళ్ళతో ఎలా మసలాలో నాకు నేర్పినవాళ్ళు కొందరున్నారు. ఆ రుణం ఇలాగైనా కొంత తీరుతుందేమోనని రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో వెతకకండి. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

నోరు మూసుకుని ఎక్కడం

కోడెమెట్ట గురించే ఎక్కువ చెప్తాను. అరకు నుంచి జీపులో వెళ్ళి, రోడ్డు ఆగిపోయిన ఊళ్ళో దిగి, అక్కణ్ణుంచి ఒక పూట నడిస్తే వస్తుంది. దూరం నుంచి చూస్తే పడుకున్న కోడె వీపులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పైన మూపురం, దానికి కాస్త దిగువన మెడ. మూపురం మీద నిలబడితే ఒక కాలు ఆంధ్రాలో ఉంటుంది, ఇంకో కాలు ఒడిశాలో. అవతలి వాళ్ళు దాన్ని ఉత్త డొంగర్ అంటారు. అంటే కొండ అనే. వాళ్ళకి కొండంటే అదే మరి.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళింది గురునాథం గారు. అప్పటికి టవరు లేదు, చోటు చూడ్డానికి వెళ్ళాం. ఆయన సీనియర్ లైన్‌మన్. ల్యాండ్‌లైన్ల కాలం నుంచీ ఆ కొండల్లో స్తంభాల వెంట తిరిగినవాడు. నేను మైదానం మనిషిని, వయసులో ఉన్నాను, ఉత్సాహం ఎక్కువ. కాఫీ తోటల మధ్య కాలిబాట మొదలవగానే కబుర్లు మొదలెట్టాను. వాగు దాటేసరికి నాకు ఊపిరి అందడం లేదు. ఆయన వెనక్కి తిరిగి చూసి, "నోర్మూసుకుని ఎక్కరా నాయుడూ. మాటలన్నీ పైకెళ్ళాక సెప్పుదువు గాని" అన్నారు.

వెదురు పొదలు దాటాక మెడ వచ్చింది. ఇవతలి దారీ అవతలి దారీ కలిసేది అక్కడే. బాట పక్కన ఆకుల కుప్ప ఒకటి నా నడుమెత్తున ఉంది. అడుగున కుళ్ళినవి, పైన ఎండినవి, అన్నిటి మీదా ఆ పొద్దున్నే వేసిన పచ్చి రెమ్మలు. గురునాథం గారు పక్క పొద నుంచి ఒక రెమ్మ విరిచి కుప్ప మీద వేసి దణ్ణం పెట్టుకున్నారు. నేను దాటేసి ముందుకు నడవబోతుంటే చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

"ఎవరింటికైనా ఎళ్తే తలుపు కొట్టవా? అలాగే ఇదీ. బేగి రెమ్మెయ్యి."

వేశాను. ఆ రోజు మొహమాటానికి వేశాను. తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ వేశాను. వెయ్యకుండా మెడ దాటితే కాళ్ళు ముందుకు పడేవి కావు, అంత అలవాటైపోయింది.

ఆ రెమ్మల దిబ్బకి ఇంకో కట్టుబాటు ఉంది. మెడ దాటాక పైనున్నదంతా కొండదే, ఏ ఊరిదీ కాదు. అక్కడ పచ్చని చెట్టు మీద గొడ్డలి పడాలంటే ఇవతలి ఊరూ అవతలి ఊరూ మూపురం మీద కలిసి కూర్చుని ఊఁ అనాలి. కొత్తగా మొక్క పెట్టాలన్నా అంతే. రాష్ట్రాల సరిహద్దు వాళ్ళకి తెలియక కాదు. ఆ సరిహద్దు ప్రభుత్వాలది, ఈ కట్టుబాటు వాళ్ళది.

రెండు ఊళ్ళు మోసిన టవరు

తర్వాత కొన్నాళ్ళకు మూపురం మీద మా టవరు లేచింది. అంత ఎత్తు కొండ ఉండగా టవరు కూడా ఎత్తుగా ఎందుకని పొట్టిదే వేశారు. ఇనప ముక్కలు, బ్యాటరీలు, సోలార్ పలకలు, సిమెంటు, చివరికి కాంక్రీటు కలపడానికి నీళ్ళు కూడా మనుషులే మోశారు. కావళ్ళ మీద, తలల మీద, ఇద్దరిద్దరు వెదుళ్ళు భుజాన వేసుకుని. కొండ ఇద్దరిదీ కదా అని అవతలి ఊరివాళ్ళు కూడా వచ్చి మోశారు. ఒక్కో బ్యాటరీ ఎంత బరువో ఎత్తి చూసినవాడికే తెలుస్తుంది. నేను ఒకసారి ఎత్తబోయి, నడుం పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళు నన్ను చూసి పడీపడీ నవ్వారు. అందులో ఒకామె, "బాబూ, నువ్వు తీగలు మొయ్యి సాలు" అంది. ఆమే సొన్నాయి. మళ్ళీ వస్తుంది ఈ కథలోకి.

టవరు మీద ఉండేవాటి గురించి ఇంట్లోవాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తాను, పిల్లలు ఓపిక పట్టాలి. తలుపు రెక్కల్లా పొడుగ్గా ఉండే యాంటెన్నాలు జనం చేతుల్లో ఉన్న ఫోన్లతో మాట్లాడతాయి. గుండ్రంగా డప్పులా ఉండే డిష్ మాత్రం ఇవతలి లోయలో ఉన్న ఇంకో టవరుతో మాట్లాడుతుంది. ఆ రెండు టవర్ల మధ్యా చూపు ఆనాలి. ఏదైనా అడ్డొచ్చి ఆ చూపు తెగితే పైన టవరు మొత్తం మూగబోతుంది.

ఇంకో సంగతి. మా శాఖకి ఒక్కో రాష్ట్రం ఒక్కో సర్కిల్. ఒక సర్కిల్ టవరు సిగ్నల్ ఇంకో సర్కిల్లోకి పోతే ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి గొడవ పడతాయి. అందుకని కోడెమెట్ట మీద యాంటెన్నాలు రెండే పెట్టారు, రెండూ ఇటువైపే చూసేలా. అటువైపు మూడోది బిగించడానికి ఇనప చట్రం ఉంది, దాన్ని ఖాళీగా వదిలేశారు. రూలు ప్రకారం అందులో తప్పు పట్టడానికి లేదు. కాకపోతే, మోసినవాళ్ళలో సగంమందికి ఈ మాట ఎవరూ చెప్పలేదు.

గాలి లేచాక

టవరు వచ్చాక ఇవతలి ఊళ్ళ సంగతే మారిపోయింది. అంబులెన్సు పిలవాలన్నా, కాఫీ ధర కనుక్కోవాలన్నా, హాస్టల్లో పిల్లలతో మాట్లాడాలన్నా ఫోనే. చాలా ఏళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒక ఏడాది సిగ్నల్‌కి వింత జబ్బు పట్టింది. పొద్దున్న ఉంటుంది, మధ్యాహ్నం పోతుంది, సాయంత్రం దానంతటదే వస్తుంది.

ముందు బ్యాటరీల మీద అనుమానపడ్డాం. తర్వాత డిష్ వెనక రేడియో డబ్బా మీద. కొత్త డబ్బా మోయించి మార్చాం. మూడు రోజులు బాగుంది, మళ్ళీ మొదలు. తీగల్లోకి నీళ్ళు దిగాయన్నారు, తీగలు మార్చాం. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న ఒకాయన, "మీరు సరిగ్గా బిగించడం లేదయ్యా" అని తేల్చేశారు. ఆయన ఒకసారి కోడెమెట్ట తనిఖీకి వచ్చి, జీపు ఆగిన ఊళ్ళోనే నిలబడి, టవరుకి కింద నుంచే ఫొటో తీసుకుని వెళ్ళిపోయిన మహానుభావుడు. అలాంటివాళ్ళు మీకూ తగులుతారు. వాదించకండి, ఊపిరి దండగ.

ఒక రోజు పైన పని ముగించి, టవరు నీడలో క్యారేజీ విప్పాను. లోయ నుంచి గాలి లేచింది. చేతిలో ఫోన్ చూస్తే సిగ్నల్ గీతలన్నీ టపటపా పడిపోయాయి. గాలి ఆగింది, గీతలు లేచాయి. మళ్ళీ గాలి, మళ్ళీ పోయాయి. అన్నం అక్కడే వదిలేసి టవరెక్కాను. డిష్ పక్కన తల పెట్టి, అది చూసే వైపే చూశాను. మూపురానికి కొంచెం దిగువన, కోడె భుజం దగ్గర, సిల్వర్ ఓక్ చెట్ల చివళ్ళు వరసగా ఊగుతున్నాయి. సరిగ్గా చూపుకి అడ్డంగా.

టవరు వేసిన రోజుల్లో అవి నా మోకాలెత్తు మొక్కలు. కాఫీకి నీడ కోసం పెట్టినవి. మేం అన్నాళ్ళూ డబ్బాలు విప్పుతూ బిగిస్తూ ఉన్నాం, అవి వాటి మానాన అవి పెరుగుతూ పోయాయి. మా శాఖ మొత్తంలో చెట్టు పెరుగుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సొన్నాయి తోట

ఆ తోట సొన్నాయిది. భర్త బతికి ఉండగా రెండు ఊళ్ళనీ అడిగి, ఊఁ అనిపించుకుని, మెడకి ఎగువన ఆ మొక్కలు పెట్టాడు. తర్వాత జ్వరం వచ్చి పోయాడు. ఓక్ చెట్ల మొదళ్ళకి సొన్నాయి మిరియం తీగలు పాకించింది. కాఫీ ఒక ఏడాది కాస్తుంది, ఇంకో ఏడాది మొహం చాటేస్తుంది. మిరియమే ఆమెకి ఆధారం. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా సొరకాయ బుర్రతో చోడి అంబలి, అంటే రాగి అంబలి పోసేది. ఆ అంబలి తాగాకే మిగతా ఎక్కుడు.

ఆ రోజు దిగుతూ ఆ తోట దగ్గర ఆగి, చెట్ల వంక పైకి చూస్తూ నిలబడ్డాను.

"ఏటి బాబూ, నా సెట్లకేసి అలా సూత్తన్నావు? దిష్టి తగల్దా?" అంది.

"నీ చెట్లే సొన్నాయమ్మా, మా సిగ్నల్‌కి అడ్డం."

ఆమె కూడా తల పైకెత్తి చూసింది. "పెరగడానికి కాదేటి పెట్టింది!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "ఏటి సేత్తారు మరి?" అంది.

అప్పుడే కొత్తగా వచ్చిన డివిజనల్ ఇంజనీరు గారికి ఫోన్‌లో సంగతంతా చెప్పాను. ఆయన గోదావరి జిల్లా మనిషి. భారీ శరీరం, మెత్తని మాట. "ఇంకేవుందండీ, ఆవిడకి నష్టపరిహారం ఇప్పించి నరికించెయ్యండి" అన్నారు. రెండు ఊళ్ళ కట్టుబాటు గురించి చెప్పాను. "అయితే కూర్చోబెట్టండి వాళ్ళని. నేనూ వస్తాను" అన్నారు. ఆయన కొండెక్కుతారని నేను నమ్మలేదు. నిజం చెప్పాలంటే నవ్వుకున్నాను కూడా.

డీఈ గారు కొండెక్కారు

వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోలేదు. బాటంతా బురద, గడ్డినిండా జలగలు. డీఈ గారు పది అడుగులకోసారి ఆగుతూ, ఎర్రగా కందిపోయిన మొహంతో ఎక్కుతున్నారు. నేను గురునాథం గారి మాట చెప్పాను. అంతే, ఆ తర్వాత మెడ వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. మెడ దగ్గర నేను రెమ్మ వేస్తుంటే చూసి, ఏమీ అడక్కుండా తనూ ఒకటి విరిచి వేశారు. ఆ మనిషి మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది.

మూపురం మీద రెండు ఊళ్ళవాళ్ళూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. మంచు మబ్బు వచ్చి పోతోంది. మబ్బు కమ్మినప్పుడు ఎదుటి మనిషి కనపడడం లేదు, మాట మాత్రం వినపడుతోంది. అవతలి ఊరి పెద్ద తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. ఆయనకి తెలుగు రాదు, మాకు ఆయన ఒడియా రాదు. రెండూ వచ్చిన సొన్నాయి మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్తోంది.

పెద్దాయన నిదానంగా మాట్లాడాడు. సొన్నాయి మా వైపు తిరిగింది.

"ఈ ఇనపసెట్టు మొయ్యడానికి మాం పనికొచ్చాం. సిమిటీ మోసాం, నీళ్ళు మోసాం. దాని మొహం మాకేసి ఎందుకు తిప్పలేదని అడుగుతన్నాడు. మాకేసి ఈపు పెట్టి కూకుంది, దానికోసం సెట్టెందుకు కొట్టనివ్వాలి అంతన్నాడు."

డీఈ గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. సర్కిళ్ళు, లైసెన్సులు, ఫ్రీక్వెన్సీలు. ఒక్కటీ అబద్ధం కాదు, అన్నీ ఓపిగ్గా వివరించారు. సొన్నాయి మొత్తం విని, పెద్దాయన వైపు తిరిగి ఒకే ఒక్క ముక్క చెప్పింది. అవతలి వాళ్ళంతా గొల్లుమని నవ్వారు.

"ఏం చెప్పావమ్మా?" అన్నారు డీఈ గారు.

"కొండకి రెండు పక్కలుంటాయని మీ ఆఫీసోళ్ళకి తెల్దంట అని సెప్పాను."

డీఈ గారు కూడా నవ్వేశారు. ఆ నవ్వు ఆగాక సొన్నాయి ఇంక ఎవరి మాటా మోయకుండా, సొంతంగా మాట్లాడింది.

"బాబుగారూ, ఆ సెట్లు నాయి. మీకు అడ్డమైతే మొదలంటా కొట్టేయండి. మిరియం పోతే పోద్ది. నాకు డబ్బు వద్దు. దానికి బదులు మొహం ఒకటి అటుకేసి పెట్టండి. మా గుంటని అటే ఇచ్చాను."

దిగువన లోయలోకి చూపించింది. మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. ఆ మబ్బు కింద అవతలి ఊరు ఉందని, కూతురి కాపురం అక్కడేనని నాకు తెలుసు. ఆ ఊళ్ళో ఫోన్లున్నాయి, సిగ్నల్ లేదు. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవాలంటే సంతలో ఎవరితోనైనా కబురంపి, కూతురు అటునుంచి మూపురం ఎక్కి రావాలి.

"మొన్న వానల్లో దానికి పురుడొచ్చింది. పురిట్లోనే జొరం కాసింది. వాగు పొంగి, కొండెక్కి ఎవులూ రాలేకపోనారు. అది బతికి లేసి కూకున్నాక నాకు కబురొచ్చింది. సచ్చిపోయినా అప్పుడే తెలిసీది." లోయకేసి తల తిప్పింది. "మళ్ళీ వానలొత్తాయి కదా బాబూ."

డీఈ గారు బూటు విప్పి చూసుకున్నారు. జలగ కరిచి మేజోడు నెత్తురుతో తడిసి ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. నా వైపు తిరిగి, "ఏవండీ నాయుడు గారూ, చూపుకి అడ్డొచ్చేది చెట్టెంత మేర?" అన్నారు.

"చివళ్ళేనండి. మిరియం తీగ అంత పైకి పాకలేదు."

"అయితే తలలు దించితే చాలు. అంతకు మించి ఒక్క కొమ్మ కొట్టినా నేను ఊరుకోను." తర్వాత సొన్నాయి వైపు తిరిగారు. "అమ్మా, నీ మిరియం నీకుంటుంది. అటువైపు యాంటెన్నా నేను పెట్టిస్తాను. అవతలి సర్కిల్ వాళ్ళని ఒప్పించాలి, కాస్త టైం పడుతుంది."

సొన్నాయి పెద్దాయనకి చెప్పింది. ఆయన అడిగినది ఒడియా రాకపోయినా మాకు అర్థమైంది. ఎప్పుడు?

"కొత్తమామిడి పండక్కి" అని సొన్నాయే గడువు పెట్టేసింది. ఆ పండగ చేసుకోందే అక్కడ ఎవరూ కొత్త మామిడికాయ నోట పెట్టరు. పెద్దాయన ఊఁ అన్నాడు. ఇవతలి పెద్ద ఊఁ అన్నాడు. ఆ రోజే కుర్రాళ్ళు చెట్లెక్కి చివళ్ళు దించారు. సాయంత్రం గాలి లేచింది. ఫోన్‌లో గీతలు కదల్లేదు.

మూడో యాంటెన్నా

మా పని అయిపోయింది. సొన్నాయి పని కాలేదు. కింద ఊళ్ళో కొందరు ఆమెని ఎగతాళి చేశారు కూడా, సర్కారోళ్ళ మాటకి చెట్ల తలలు ఇచ్చిందని. నాకు ఆమె అంబలి తాగాలంటే సిగ్గేసేది. ఆమె మాత్రం ఒక్కసారి కూడా యాంటెన్నా ఊసెత్తలేదు. పొయ్యడం పోస్తూనే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక డీఈ గారికి బదిలీ వచ్చింది. నేను పలకరించడానికి వెళ్ళి, "కోడెమెట్ట సంగతి కొత్తాయన చూసుకుంటారు లెండి సార్" అన్నాను, ఆయన మనసు తేలికపడుతుందని. ఆయన నా వంక అదోలా చూశారు.

"మాటిచ్చింది నేనండీ. కొత్తాయన ఎందుకు చూసుకుంటాడు?"

కాగితాల గొడవ చెప్పనని ముందే అన్నాను. ఇంత మాత్రం చెప్తాను: ఆయన సొంత సెలవు పెట్టుకుని అవతలి సర్కిల్ ఆఫీసుకి వెళ్ళి, అక్కడి ఇంజనీరు ఎదుట కూర్చుని ఒప్పించారు. యాంటెన్నా మెడ బాగా కిందికి వంచుతాం, పవర్ తగ్గిస్తాం, సిగ్నల్ ఆ లోయలో ఊరి మీదే పడుతుంది, అంతకు మించి పోదు అని. అక్కడి ఇంజనీరు కూడా మంచివాడు. మా కొండ అటునుంచి ఎక్కి, ఊళ్ళో నిలబడి, కొలతలు తనే తీస్తానన్నాడట.

కొత్తమామిడికి ముందే, రిలీవ్ అయ్యే వారంలో డీఈ గారు రెండోసారి కొండెక్కారు. ఆయన రానక్కర్లేదు. యాంటెన్నా బిగించడానికి నేను చాలు. మోకాలికి పట్టీ కట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చారు. యాంటెన్నాని రెండు ఊళ్ళ కుర్రాళ్ళూ పంతానికి పోయి వంతులేసుకుని మోశారు. మెడ దగ్గర అందరికంటే ముందు రెమ్మ వేసింది డీఈ గారే.

ఖాళీ చట్రంలో యాంటెన్నా బిగించి, మెడ వంచి, కిందికి దిగాను. సొన్నాయి చేతిలో చిన్న బటన్ల ఫోన్. నంబరు తనే నొక్కింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. అటు రింగవుతోంది. అటు ఎత్తారు.

వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. గట్టిగా గొంతెత్తి, ఎవరినో కేకలేస్తున్నట్టు మాట్లాడుతోంది. అయ్యాక అడిగాను, ఏమిటి అంతలా అరుస్తున్నావని.

"ఉత్తినే. పిల్లకి తలకి నూని రాయలేదంట, అందుకు తిట్టినాను" అంది.

డీఈ గారు ఒడిశా లోయ వైపు తిరిగి నిలబడ్డారు. చాలాసేపు మా వైపు తిరగలేదు. నాకైతే ఏడుపు ఆగలేదు. దాచుకోలేదు కూడా. నా సర్వీసు మొత్తంలో నేను బిగించిన వాటిలో నాకు విడిగా గుర్తున్న యాంటెన్నా అదొక్కటే.

మీకు చెప్పాల్సింది

ఆ కొండ నాకు అన్నం పెట్టింది. ఆ మాట ఎప్పుడైనా ఎక్కడైనా చెప్తాను. గురునాథం గారు పోయారు. డీఈ గారు రిటైరై వాళ్ళ ఊళ్ళో కొబ్బరి తోట చూసుకుంటున్నారు, పండగలకి ఫోన్ చేసి "ఏవండీ, మన కోడె ఎలా ఉంది?" అని అడుగుతారు. నేను ఆ ఇద్దరి దగ్గర పని నేర్చుకున్నాను కాబట్టి తలెత్తుకుని ఇంటికొచ్చాను. మీకూ అలాంటి మనుషులు దొరకాలని నా ఆశ. దొరికినప్పుడు గుర్తుపట్టండి. వాళ్ళు చాలావరకు మీటింగుల్లో ఎక్కువ మాట్లాడరు.

ఇప్పుడు కోడెమెట్ట మీదికి విశాఖ నుంచి కుర్రకారు మబ్బులు చూడ్డానికి వస్తున్నారు. రానివ్వండి, అంత అందం ఎవరికి చేదు? కానీ మొన్నామధ్య రెమ్మల దిబ్బ మీద కాలు పెట్టి ఫొటో దిగిన వీరుణ్ణి వీడియోలో చూశాను, ఒళ్ళు మండిపోయింది. నీళ్ళ సీసాలు అక్కడే పారేస్తున్నారు. డ్యూటీకి వెళ్ళినప్పుడు చేతనైనన్ని ఏరి కిందికి తీసుకురండి. అది మీ డ్యూటీ కాదని నాకూ తెలుసు.

ఇక ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. పోయిన వారం మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. సొన్నాయి. ఆ వానల్లో పుట్టిన మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

"నాయుడుబాబూ, కొత్తమామిడికి మా గుంటింటికొచ్చినాను. మనవరాలు నీకో మాట సెప్పమంటంది. అదేటంటే..."

అక్కడ తెగింది. మళ్ళీ చేసింది. "వినపడతందా బాబూ? అదేటంటే, మా పిల్ల..." మళ్ళీ తెగింది. నేను చేశాను, అందలేదు. సాయంత్రం చేద్దామనుకున్నాను. అప్పుడు గడియారం చూశాను. లోయలో గాలి లేచే వేళ. నాకు నవ్వొచ్చింది, కంగారూ వచ్చింది. ఆ సాయంత్రం నుంచీ ఎప్పుడు చేసినా పలకరింపు దాటకుండానే తెగిపోతోంది. వానలు ఇంకెంతో దూరం లేవు. నేను రిటైరయ్యాక చివళ్ళు దింపించేవాళ్ళు లేక సిల్వర్ ఓక్‌లు మళ్ళీ తలలెత్తాయి.

కాబట్టి పిల్లలూ, మీలో కోడెమెట్ట ఎవరికి పడిందో వాళ్ళు డబ్బాలేవీ విప్పకండి. గొడ్డలి పట్టుకుని ఒంటరిగా వెళ్ళకండి. నోరు మూసుకుని ఎక్కండి. మెడ దగ్గర రెమ్మ వెయ్యండి. రెండు ఊళ్ళనీ పిలిచి మూపురం మీద కూర్చోబెట్టి ఊఁ అనిపించండి. సొన్నాయి పోసిన అంబలి కాదనకండి. మిరియం తీగ తెగకుండా చివళ్ళు మాత్రం దింపించండి.

కొంచెం బేగి వెళ్ళండి. సొన్నాయి మనవరాలు నాతో ఏదో చెప్పాలనుకుంది. అది నేనింకా వినలేదు.